జెట్ ఇంజను – తొలినాటి చరిత్ర

జెట్ ఇంజను అనగా గాలిని లోనికి పీల్చుకొని, అదిమి, ఇంధనంతో మండించి, ఆ వేడి వాయువులను వెనుకకు అతివేగంగా చిమ్మడం ద్వారా విమానాన్ని ముందుకు నెట్టే యంత్రం. ఈ వాయువులు దారిలో టర్బైను అనే రెక్కల చక్రాన్ని త్రిప్పుతాయి. గాలిని అదిమే కంప్రెసరును నడిపేది ఆ చక్రమే. ఈ యంత్రపు చరిత్ర చాలావరకు ఆ రెక్కలు వేడిని తట్టుకొనేలా చేయడానికి పడిన పాట్ల చరిత్రయే. అందులో కొంత హైదరాబాదులోనూ జరిగింది.

ఆవిర్భావం

బ్రిటిషు వైమానిక దళాధికారి ఫ్రాంక్ విటిల్ 1930లో, తన 23వ యేట, ఈ ఇంజనుపై పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ప్రభుత్వం ఆసక్తి చూపలేదు. 1935లో పేటెంటు కొనసాగింపు రుసుము 5 పౌండ్లు కట్టలేక దానిని వదులుకొన్నాడు. ఇంతటి ఆవిష్కరణకు అంత చిన్న మొత్తం అడ్డుపడడం విచిత్రమే! 1936లో మిత్రుల తోడ్పాటుతో పవర్ జెట్స్ సంస్థ ఏర్పడింది. 1937 ఏప్రిల్ 12న అతని ఇంజను నేలపై మొదటిసారి నడిచింది.

జర్మనీలో హాన్స్ వాన్ ఓహైన్ స్వతంత్రంగా ఇదే పని చేస్తున్నాడు. హైంకెల్ సంస్థ అండ లభించడంతో అతడు ముందుగా గగనానికి చేరాడు. 1939 ఆగస్టు 27న ఎగిరిన హైంకెల్ 178 ప్రపంచంలో మొదటి టర్బోజెట్ విమానం. విటిల్ ఇంజనుతో గ్లోస్టర్ విమానం 1941 మే 15న ఎగిరింది.

లోహాల సమస్య

టర్బైను రెక్క ఎర్రగా కాలుతూనే అతివేగంగా తిరగాలి. ఆ వేడిలో మామూలు ఉక్కు మెల్లగా సాగి తెగిపోతుంది. యుద్ధకాలంలో జర్మనీకి నికెల్, క్రోమియం కరువైనందున, మెస్సర్‌ష్మిట్ 262 విమానంలోని జూమో 004 ఇంజను సాధారణంగా 10 నుండి 25 గంటలకు మించి పనిచేసేది కాదు. బ్రిటన్‌లో నిమోనిక్ అనే నికెల్ మిశ్రమలోహం ఈ ఇబ్బందిని చాలావరకు తీర్చింది.

హైదరాబాదు పాత్ర

తేజస్ యుద్ధవిమానం కొరకు తలపెట్టిన కావేరి ఇంజను పథకం 1989లో మంజూరైంది. రూపకల్పన బెంగుళూరులోని గ్యాస్ టర్బైన్ పరిశోధన సంస్థది కాగా, టర్బైను రెక్కల పోతపని హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనాలయం చేపట్టింది. మామూలు పోతలో లోహం అనేక రేణువులుగా గడ్డకడుతుంది. అధిక వేడిలో ఆ రేణువుల హద్దుల వద్దనే పగుళ్ళు మొదలవుతాయి. అందువలన రేణువులన్నీ రెక్క నిడివి వెంట పెరిగేలా పోతపోసే పద్ధతిని ఇక్కడ అభివృద్ధి చేశారు. అయినను కావేరి అవసరమైనంత త్రోపుడు ఇవ్వలేదు. 2008లో దానిని తేజస్ నుండి వేరుచేశారు. తేజస్ అమెరికా ఇంజనుతోనే ఎగురుతున్నది.

అసలు హద్దులే లేని ఏకస్ఫటిక రెక్కలను కూడా ఈ ప్రయోగశాల సాధించింది. హెలికాప్టరు ఇంజను కొరకు అటువంటి 60 రెక్కలను హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థకు అందజేసినట్లు 2021లో ప్రకటించారు.