మంచులో దాగిన మత్తు

పుల్ల ఐసు అనగానే మనలో చాలామందికి జ్ఞాపకం వచ్చేది బడి గేటు ముందు నిలబడిన ఐస్‌ఫ్రూట్ బండి. ఎర్రబడిన నాలుక, మోచేతి వరకు కారిన పాకం, ఇంటికి వెళ్ళిన తరువాత అమ్మ పెట్టే చీవాట్లు. ఆ పుల్ల ఐసే ఇప్పుడు పెద్దల విందులలో వేరొక రూపంలో ప్రత్యక్షమవుతున్నది. అనాసరసంలోనో మామిడిగుజ్జులోనో కొంత రమ్ము కలిపి గడ్డకట్టించడం, పండ్ల ముక్కలను మద్యంలో నానబెట్టి మంచుముక్కలుగా మార్చడం నేడు విందు మర్యాదలలో ఒకటైపోయింది. చూడటానికి అది పసిపిల్లల మిఠాయి. లోపల ఉన్నది మాత్రం పిల్లలకు తగినది కాదు. ఈ వ్యాసానికి కారణం ఆ వైరుధ్యమే.

అండమాన్ దీవులలో ఈ వంటకానికి కావలసినవన్నీ చేతికందుతాయి. ఎండ ఎప్పుడూ ఉంటుంది. వాన లేని రోజున గాలిలోని తేమే ఒంటిని తడుపుతుంది. కొబ్బరి, అనాస, బొప్పాయి, అరటి అక్కడ విరివిగా పండుతాయి. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమని పేరు మార్చుకున్న పోర్టుబ్లెయిరు వీధులలో తెలుగు మాట వినిపించడం వింత కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో ప్రతి వందమందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగు. వారిలో ఉత్తరాంధ్ర తీరం నుండి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సెలవులకు వెళ్ళిన బంధువులను సముద్రతీరానికి తీసుకొనిపోయి, తిరిగివచ్చిన తరువాత చల్లనిదేదైనా చేతికివ్వాలని ఏ గృహస్థుకు అనిపించదు?

కొబ్బరి, అనాస, రమ్ము. ఈ మూడింటి కలయిక అండమాన్‌లో పుట్టినది కాదు. భూగోళానికి ఆవలి వైపున, ఇలాంటి ఉష్ణసముద్రంలోనే ఉన్న ప్యూర్టోరికో దీవిలో దానిని పీనా కొలాడా అంటారు. 1978లో అక్కడి ప్రభుత్వం దానిని జాతీయ పానీయంగా ప్రకటించింది. అయితే గ్లాసులో ఉన్నదానిని పుల్లకు ఎక్కించాలంటే కొంత రసాయనశాస్త్రం తెలియాలి.

నీరు సున్నా డిగ్రీల వద్ద గడ్డకడుతుంది. శుద్ధమైన మద్యసారం గడ్డకట్టడానికి దాదాపు సున్నాకు దిగువన 114 డిగ్రీల చలి కావాలి. మన ఇళ్ళలోని ఫ్రీజరు సున్నాకు దిగువన 18 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అందువల్ల రమ్ము సీసాను అందులో నెలల తరబడి ఉంచినా అది చిక్కబడుతుందే గాని గట్టిపడదు. నీటిలో ఏ పదార్థం కరిగినా అది గడ్డకట్టే ఉష్ణోగ్రత తగ్గుతుందనీ, కరిగినకొద్దీ ఇంకా తగ్గుతుందనీ 1788లోనే బ్లాగ్డెన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు చూపాడు. చక్కెరా అదే పని చేస్తుంది, మద్యమూ అదే పని చేస్తుంది. రెండూ ఎక్కువైతే పుల్లకు అంటుకొనేది మంచు కాదు, బురద.

ఈ చిక్కును వ్యాపారంగా మార్చిన వ్యక్తి అమెరికాలోని డల్లాస్ నగరంలో ఫలహారశాల నడిపిన మరియానో మార్టినెజ్. అతని వద్ద మార్గరీటా అనే పానీయానికి గిరాకీ ఎక్కువ. పనివారు ఒక్కొక్క గ్లాసూ విడివిడిగా మిక్సీలో కొట్టి ఇచ్చేవారు. ఒక గ్లాసు రుచి మరొక గ్లాసుకు ఉండేది కాదు. ఒక దుకాణంలో రంగు మంచును పోసే యంత్రాన్ని చూసి, ఇది తనకెందుకు పనికిరాదని అతడు ఆలోచించాడు. మద్యం గడ్డకట్టదు, శ్రమ వృథా అన్నారు తెలిసినవారు. అతడు చక్కెర పాళ్ళు మార్చి మార్చి చూసి, చివరకు ఒక ఐస్‌క్రీము యంత్రం నుండే దానిని చిక్కని మంచుగా రాబట్టాడు. అది 1971 మే నెల మాట. ఆ యంత్రం 2005లో వాషింగ్టన్‌లోని అమెరికా జాతీయ చరిత్ర మ్యూజియంకు చేరింది. ఒక ఐస్‌క్రీము మరకు మ్యూజియం యోగం పట్టడం అరుదైన సంగతే!

ఇక మన వంటింటికి వద్దాం. బాగా పండిన అనాస గుజ్జు 400 మిల్లీలీటర్లు, చిక్కని కొబ్బరిపాలు 150, చక్కెర పాకం 100, ఒక నిమ్మకాయ రసం, రమ్ము 60 తీసుకోండి. గుజ్జును వడగడితే పీచు పుల్లకు అడ్డుపడదు. పాకం నోటికి కొంచెం ఎక్కువ తీపి అనిపించాలి. చల్లదనంలో నాలుకకు తీపి తెలిసే శక్తి తగ్గుతుంది కనుక, గది వేడిలో సరిపోయిన తీపి మంచులో చప్పబడుతుంది. మిశ్రమాన్ని ముందు ఫ్రిజ్‌లో చల్లార్చి, పది అచ్చులలో పోసి, పుల్లలు గుచ్చి, రాత్రంతా ఫ్రీజరులో ఉంచండి.

ఇప్పుడు లెక్క చూడండి. మన దేశంలో అమ్మే రమ్ములో సాధారణంగా నూటికి 42.8 వంతులు మద్యసారం. 60 మిల్లీలీటర్లలో అది ఇంచుమించు 26 మిల్లీలీటర్లు. బరువులో 20 గ్రాములు. పది పుల్లలకు పంచితే ఒక్కొక్కదానికి 2 గ్రాములు. అంటే 30 మిల్లీలీటర్ల పెగ్గులో అయిదవ వంతు. మొత్తం మిశ్రమంలో మద్యసారం నూటికి నాలుగు వంతులకు లోపే కనుక పుల్ల గట్టిగా నిలుస్తుంది. రమ్మును 120కి పెంచితే ఆరున్నర వంతులై మెత్తబడుతుంది. 240 పోస్తే పదకొండు దాటుతుంది. అప్పుడు చెంచా తెచ్చుకోవలసిందే. గట్టిగా కట్టిన పుల్ల ఐసు అందుకే ఒక విధమైన హామీ. కట్టనిదానిని అనుమానించాలి.

నానబెట్టిన పండ్ల సంగతి వేరు. అనాస ముక్కలో మద్యం త్వరగా ఇంకుతుంది. ద్రాక్షకు తోలు అడ్డం కనుక సూదితో గుచ్చాలి. నానినకొద్దీ పండులోని రసం వెలుపలికి, వెలుపలి మద్యం లోపలికి పోతుంటాయి. అందువల్ల గిన్నెలో మిగిలిన ద్రవాన్ని కొలిచి, తగ్గినంతే పండులోకి పోయిందనుకోవడం పొరపాటు. పోసినదంతా పండులోనే ఉన్నదని లెక్క వేసుకోవడం క్షేమం. పచ్చి అనాసనూ బొప్పాయినీ జెలటిన్‌తో జెల్లీ చేయబోతే అది కట్టదు, ఆ పండ్లలోని ఎంజైములు దానిని విరిచేస్తాయి. సముద్రపు నాచు నుండి తీసిన చైనా గ్రాస్ వాడితే ఆ బాధ లేదు.

మంచుకు మరొక గుణం ఉన్నది. అది గడ్డకట్టేటప్పుడు ముందు నీరు కడుతుంది. మద్యమూ చక్కెరా మిగిలిన ద్రవంలోకి నెట్టబడి చిక్కబడతాయి. పూర్వం అమెరికాలో చలికాలపు రాత్రులలో ఆపిలు సారాను ఆరుబయట ఉంచి, పైన కట్టిన మంచును తీసివేసి, ఘాటైన మద్యం తయారుచేసుకొనేవారు. మన అచ్చులో కూడా కొంతమేరకు అదే జరుగుతుంది. కరెంటు పోయి కరిగి, మళ్ళీ గట్టిపడిన పుల్ల ఐసులో ఒక కొన చప్పగా, మరొక కొన ఘాటుగా ఉంటుంది. జనరేటర్ల మీద ఆధారపడే దీవులలో ఇది గుర్తుంచుకోవలసిన విషయం. అలా కరిగినవాటిని పారబోయడమే మేలు. ఖర్చు చూసుకొని జాలిపడనక్కర లేదు.

పైగా చల్లదనం మద్యపు ఘాటును అణచివేస్తుంది, తీపి మిగిలినదానిని కప్పివేస్తుంది. గ్లాసు పట్టుకున్నవాడికి తాను ఎన్నవది త్రాగుతున్నాడో తెలుస్తుంది. మద్యంలో నాని గడ్డకట్టిన ద్రాక్షలను ఎవరు లెక్కపెడతారు? మత్తు తెలియడానికి అరగంటో గంటో పడుతుంది. ఆలోగా మరికొన్ని లోపలికి పోతాయి. ఆ తరువాత స్కూటరు తాళం తీసినవారికీ, సముద్రంలో దిగినవారికీ ఏమి జరుగుతుందో ఊహించవచ్చు. మన మోటారు వాహనాల చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించిన మద్యసారాన్ని నేరంగా పరిగణిస్తుంది. నోటికి తీపిగా తగిలిందని ఆ లెక్క మారదు.

అన్నిటికంటె భయపడవలసినది ఫ్రిజ్ తలుపు తెరిచే పిల్లవాడిని గురించి. మద్యం చిన్నపిల్లలలో రక్తంలోని చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టగలదు. పెద్దవారికి ఏమీ కాని మోతాదు వారిని ఆసుపత్రికి చేర్చవచ్చు. ఆ పిల్లవాడి దృష్టిలో అది రంగురంగుల పుల్ల ఐసు, అంతే. పాత్ర మీద పేరు లేదు. ఉన్నా చదివే వయస్సు కాదు.

పేరు లేని పాత్ర ఎంతటి పని చేయగలదో ఈ దీవులకు తెలిసినంతగా మరొక చోటికి తెలియదు. లిటిల్ అండమాన్‌లో ఓంగీలనే ఆదిమజాతివారు నివసిస్తున్నారు. 2011లో వారి మొత్తం సంఖ్య సుమారు నూరు. 2008 డిసెంబరులో డుగాంగ్ క్రీక్ వద్ద ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఒక డబ్బాలోని ద్రవాన్ని వారిలో కొందరు మద్యమని భావించి త్రాగారు. 8 మంది చనిపోయారు. మరికొందరిని ఆసుపత్రికి చేర్చవలసి వచ్చింది. నూరుమంది జాతిలో ఎనిమిది మంది! ఆ డబ్బా ఎవరు పారవేసినదో, ఏ ఓడ నుండి జారినదో వారికి చెప్పేవారు లేరు. విందుకూ ఆ విషాదానికీ పోలిక తేవడం అన్యాయమని తోచవచ్చు. కాని అక్కడా ఇక్కడా త్రాగేవాడికీ తినేవాడికీ లేనిది ఒక్కటే, లోపల ఉన్నదేమిటన్న సమాచారం.

కనుక మద్యం ఉన్నవాటికి ఒక ఆకారపు అచ్చు, లేనివాటికి మరొక ఆకారపు అచ్చు వాడండి. రంగు మీద ఆధారపడవద్దు. చీకటిలో, దీపాల వెలుగులో అన్ని రంగులూ ఒక్కటే. వాటిని మూత ఉన్న డబ్బాలో పెట్టి, పెద్ద అక్షరాలతో పేరు వ్రాసి, పిల్లలు ఉన్న ఇంట్లో తాళం వేసే ఫ్రీజరులోనే ఉంచండి. పళ్ళెంలో పెట్టి వదిలివేయక చేతికి అందించండి, అందిస్తూ అందులో ఏమున్నదో నోటితో చెప్పండి. రమ్ము తీసివేసి కొబ్బరినీళ్ళు పోస్తే రెండవ రకం తయారు. నిజం చెప్పాలంటే నాకు ఆ రెండవదే రుచిగా ఉంటుంది.

మంచు కూడా తెలిసి కొనండి. చేపల రేవుల దగ్గర దొరికే మంచుదిమ్మలు చేపల కొరకు చేసినవి, వాటిలోని నీరు త్రాగదగినది కాకపోవచ్చు. తినదగని మంచుకు నీలిరంగు కలపాలని మహారాష్ట్రలో 2018లో నియమం చేసింది ఈ భయంతోనే. చలికి సూక్ష్మజీవులు చావవు, నిద్రపోతాయి. నూటికి నాలుగు వంతుల మద్యమూ వాటిని చంపలేదు. పళ్ళెం చుట్టూ పేర్చే మంచునైనా కాచి చల్లార్చిన నీటితో ఇంట్లో చేసుకున్నదే వాడాలి.

అండమాన్ ఎండలో పుల్ల ఐసు నిమిషాలలోనే కారడం మొదలుపెడుతుంది. అందువల్ల అతిథికి ఒక్కొక్కటిగానే ఇవ్వండి, రెండవది అడిగినప్పుడు ఫ్రీజరు దగ్గరకు మీరే వెళ్ళండి.