పేరంటమునకు ముందు చెప్పవలసిన మాట

శ్రీకాకుళ విజయనగర ప్రాంతపు పల్లెలలో పిల్ల పెద్దమనిషి అయినదన్న వార్త వీధి చివరకు చేరుటకు గడియసేపు పట్టదు. తాటాకులు పరచి వేరుగా కూర్చుండబెట్టుట, నువ్వులు బెల్లము కలిపి దంచిన చిమ్మిలి పెట్టుట, మేనమామకు కబురంపుట, నీళ్ళుపోసి పేరంటము పిలుచుట, ఇన్నియు జరుగును గాని, ఆ రక్తము ఎక్కడనుండి వచ్చునో, అది దెబ్బయు జబ్బును కాదని పిల్లకు ముందుగా చెప్పినవారు అరుదు. గొంతు బొంగురుపోయిన అన్న "చెల్లికేటయిందమ్మా?" అని యడిగినచో, "నీకెందుకురా గుంటడా, బైటికి పో" అన్నదే వానికి దొరకు పాఠము.

పెండ్లికి ముందే పిల్ల ఈడేరునేమో యన్న భయమునకు ఇచ్చట లిఖితసాక్ష్యము కలదు. 1892లో విజయనగరమున ప్రదర్శితమై 1897లో అచ్చయిన కన్యాశుల్క నాటకమునకు గురజాడవారు వ్రాసిన పీఠికలో, విజయనగర మహారాజావారు విశాఖపట్టణ మండలమున తయారుచేయించిన, పిల్ల తండ్రి సొమ్ము పుచ్చుకొను శుల్కవివాహముల పట్టిక ప్రస్తావన యున్నది: మూడేండ్లలో 1034 పెండ్లిండ్లు, ఐదేండ్ల పెండ్లికూతుండ్రు 99 మంది, ఏడాది పసికందులు ముగ్గురు. ధనాశ యొక కారణమే. అయినను రజస్వల కాకమునుపే కన్యాదానము జరుగవలెనన్న ఆచారము వెనుక నిలువకున్న ఆ యాశకు అంత యదను దొరకెడిది కాదు.

నేడా భయము తగ్గినది గాని, మాట ఇంకను ఆలస్యముగానే వచ్చుచున్నది. ఆడపిల్లలకు 8 మొదలు 13 ఏండ్ల లోపున, మగపిల్లలకు 9 మొదలు 14 ఏండ్ల లోపున మార్పులు మొదలగుట సహజము. కౌమారదశను గూర్చిన పాఠము చాలకాలము ఎనిమిదవ తరగతి పుస్తకములోనే యుండెడిది. అనగా, వాన వెలిసిన పిదప గొడుగు. 2021 అక్టోబరులో ప్రారంభమైన రాష్ట్ర ప్రభుత్వపు "స్వేచ్ఛ" పథకము బడిలోని ఆడపిల్లలకు నెలకు పది నాప్‌కిన్ల చొప్పున ఇచ్చుట మెచ్చవలసిన పనియే యైనది. కాని అదియు ఏడవ తరగతినుండియే మొదలయ్యెడిది గదా, ఐదవ తరగతిలో ఈడేరిన పిల్ల సంగతి యేమి?

చెప్పవలసినది కొండంత లేదు. గర్భాశయపు లోపలిపొర నెలనెలా ఊడి వెలువడుటయే బహిష్టు. మొదటి ఒకటి రెండేండ్లు అది నియతముగా రాకపోవచ్చును. కుఱ్ఱవాని కంఠము మారుట స్వరపేటిక పెరుగుటచేత. నిద్రలో వీర్యము జారుట రోగము కాదు. కొందఱు బాలురకు ఱొమ్ము కొంచెము ఉబ్బి తగ్గుటయు కద్దు. గోడలమీది "రహస్యవ్యాధుల" ప్రకటనలు బ్రతుకుచున్నది ఈ రెండు వాక్యములు తండ్రి నోట రానందువలననే అని నా యనుమానము. ఆడపిల్లల పాఠము మగపిల్లలు, మగపిల్లల పాఠము ఆడపిల్లలు కూడ వినవలెను. లేనియెడల లంగాపై మరక చూచి తరగతి నవ్వును.

బుద్ధిమాంద్యము గల బిడ్డకు బొమ్మతో, గుడ్డతో పలుమార్లు చేసి చూపవలెను. తన గుడ్డ తాను మార్చుకొనుట, తన దేహమును ఎవరు తాకరాదో తెలియుట ఆ బిడ్డకు మరింత అవసరము. శరీరము ఒకదారిని, మనస్సు వేరొకదారిని పోవుచున్నదని కలతపడు బిడ్డను కొట్టి దిద్దబూనుట కన్న కూర్చుండబెట్టి వినుట మేలు. తన లింగమును తానే నిర్ణయించుకొను హక్కును 2014లో సుప్రీంకోర్టు గుర్తించియున్నది.

ఇక భాష. శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తిగారు సవర పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పవలెనని ఆ భాషను నేర్చి, పుస్తకములు వ్రాసి, బడులు పెట్టిరి. ఇట్లు గ్రాంథికమున వ్రాయుచు, వాడుకభాషకై పోరిన ఆయనను స్మరించుట అపరాధమే, క్షమింతురు గాక. సవర పిల్లలు చదువు సీతంపేట ఏజెన్సీ వసతిగృహమున "ఋతుస్రావము" అని బల్లమీద వ్రాయబోవు ఉపాధ్యాయిని, దానికి మీ యింట ఏమందురని ముందు పిల్లలనే యడుగవలసియుండును.