శిలాశాసనం ఎవరికి?

“నేనొకసారి చెప్పానంటే శిలాశాసనమే!” ఈ మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల ఉందా? చీకటి పడకముందే ఇంటికి రావాలి... శాసనం. పై చదువుకు వేరే ఊరు వద్దు... శాసనం. తమ్ముడి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ రాయి కాస్తా వెన్నముద్ద అయిపోతుంది లెండి!

మొన్న సూర్యాపేట నుంచి కోదాడ వెళ్లే బస్సులో పక్క సీటావిడ తన గోడు చెప్పుకొచ్చింది. “ఆడపిల్లకు పొలమిచ్చుడు మా ఇంట్ల లేదు, ఇగ అది శిలాశాసనం అన్నడు చెల్లె మా అన్న.” 2005లో చట్టం మారాక ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఉంది. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. “అడిగితే పుట్టింటి గడప తొక్కనియ్యరు” అంది.

ఇంతకీ అసలు శిలాశాసనాల్లో ఏముంటుంది? సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రిలో కాకతీయుల నాటివి ఇప్పటికీ ఉన్నాయి. రేచర్ల బేతిరెడ్డి భార్య ఎఱకసాని 1208లో కట్టించిన ఎఱకేశ్వరాలయం అక్కడిదే. నకిరేకల్ దగ్గర చందుపట్లలో రుద్రమదేవి మరణాన్ని మనకు తెలిపిన 1289 నాటి శాసనం కూడా భూదానం గురించిందే. ఇలాంటి రాళ్ల మీద ఎక్కువగా కనిపించేవి దానాలే. ఫలానా చెరువు కింద ఇంత భూమి ఇచ్చాం అని! అంటే ఆ రాయి కట్టడి చేసింది ఇచ్చినవాళ్లను, వాళ్ల వారసులను. తిరిగి లాక్కుంటే అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతారని శాపం కూడా చెక్కించేవారు. రాతి మీద రాసినా మాట తప్పుతారని అప్పుడే తెలుసన్నమాట.

మన ఇళ్లలో ఇది తలకిందులైంది. చెప్పేవారికి ఏ కట్టడీ లేదు, వినేవాళ్లకే అన్నీ. అది ఎంతదాకా పోతుందో 2018 సెప్టెంబరులో మిర్యాలగూడ చూసింది. వేరే కులం అబ్బాయిని పెళ్లాడిందని, గర్భిణిగా ఉన్న అమ్మాయి కళ్లముందే ఆమె భర్తను కిరాయి మనిషితో నరికించారు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది.

బస్సులో ఇవన్నీ ఆవిడతో అనలేదు. కోదాడ వస్తుండగా ఒక్కటే అడిగాను. “అక్కా, వాటా వద్దని ఏ కాగితం మీదైనా సంతకం పెట్టించుకున్నారా?”

“ఇంకా పెట్టలే. పండక్కి రమ్మన్నడు.”

పెట్టొద్దన్నాను. కోర్టులో న్యాయసేవా కమిటీ ఉంటుందనీ, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారనీ చెప్పాను. ఆవిడ కాసేపు కిటికీలోంచి చూసి, బస్సు టిక్కెట్టు నా చేతిలో పెట్టింది.

“దీని ఎనక రాసియ్యి చెల్లె. ఎవ్వల్ని అడగాల్నో.”