గుండెల్లో తుపాను... రొమ్ములో గడ్డ!

మైపాడు, తుమ్మలపెంట, కృష్ణపట్నం... నెల్లూరు తీరంలో ఏ పల్లెపాళెం ఆడవాళ్లకైనా దిగులు కొత్త కాదు. వేటకెళ్లిన మనిషి ఒడ్డు చేరేదాకా దిగులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో ఇల్లు గడిచేదెలాగని దిగులు. నవంబరు వస్తే తుపాన్ల భయం. ఇన్నింటి మధ్య రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలితే? 'నొప్పి లేదుగా, తర్వాత చూద్దాంలే' అనిపిస్తుంది. ఆ 'తర్వాతే' ప్రమాదం. ఇంతకీ దిగులుకీ, క్యాన్సర్‌కీ సంబంధం ఉందా?

భయం కలగ్గానే మెదడు హెచ్చరిక పంపుతుంది. మూత్రపిండాలపై టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లను వదులుతాయి. గుండె వేగం, రక్తంలో చక్కెర పెరుగుతాయి. ఆపద నుంచి గట్టెక్కడానికి ఒంట్లో ఉన్న ఏర్పాటిది. ఆపద తీరాక అవి తగ్గాలి. నెలల తరబడి తగ్గకపోతేనే చిక్కు!

2010లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు రొమ్ము క్యాన్సర్ ఉన్న ఎలుకల్ని ఒత్తిడికి గురిచేశారు. అసలు కణితి పెద్దగా పెరగలేదు. కానీ వ్యాధి ఇతర అవయవాలకు పాకడం 30 రెట్లు ఎక్కువైంది! ఒత్తిడి సంకేతాలకు కణితిలో చేరిన మ్యాక్రోఫేజ్ కణాలే, ఒంటిని కాపాడాల్సింది పోయి, క్యాన్సర్‌కు దారిచ్చాయి. రక్తపోటుకు వాడే ప్రొప్రనలాల్ ఇస్తే ఆ వ్యాప్తికి అడ్డుకట్ట పడింది. కార్టిసాల్ తరహా హార్మోన్లు కూడా ఎలుకల్లో వ్యాప్తిని పెంచుతాయని 2019లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులు తేల్చారు.

మరి మనుషుల్లో? ఆస్ట్రేలియాలో 60 మంది మహిళలతో చేసిన పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. ఆపరేషన్‌కు ముందు వారం రోజులు ప్రొప్రనలాల్ వాడినవారి కణితుల్లో వ్యాప్తి సూచికలు తగ్గాయి. అయితే ఆయుష్షు పెరుగుతుందని దీంతో రుజువైనట్టు కాదు. ఉబ్బసం ఉన్నవారికి ఈ మందు ప్రమాదకరం కూడా. సొంతంగా వాడకూడదు. కీమోలో వాంతులు రాకుండా ఇచ్చే స్టెరాయిడ్‌నూ డాక్టరును అడగకుండా మానకూడదు.

'బెంగ పెట్టుకుంది, అందుకే జబ్బు ముదిరింది' అని రోగిని నిందించడం మరీ తప్పు. ఇంటిపని పంచుకోవడం, ఆసుపత్రికి తోడు వెళ్లడం, కంటినిండా నిద్రపోనివ్వడం... ఇంటిల్లిపాదీ చేయగలిగినవి ఇవే.

అన్నిటికన్నా ముఖ్యం, త్వరగా గుర్తించడం. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి లక్షన్నర మంది మహిళలతో 20 ఏళ్లు అధ్యయనం చేసింది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించడంతో, 50 ఏళ్లు దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. గడ్డ, చర్మంపై సొట్ట, చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం... వీటిలో ఏది కనిపించినా ఆగకూడదు. నెల్లూరులోనే రెడ్‌క్రాస్ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తే పడవలు ఒడ్డుకు చేర్చుకుంటారు కదా! చేతికి తగిలిన గడ్డా అలాంటి హెచ్చరికే.