గడువు తీరిన హామీ

కారు కొన్ననాడు యజమాని చేతికి తాళపుచెవితో పాటు ఒక పత్రము కూడ వచ్చును. తాళపుచెవిని దినమునకు పదిమారులు తడవి చూచుకొనువాడు ఆ పత్రమును మాత్రము బీరువా అడుగున పడవేసి మరచిపోవును. బండి మొరాయించిననాడు గాని దాని అవసరము గుర్తుకు రాదు. తీసి చదివినచో అందు రెండు అంకెలు కనబడును. ఇన్ని సంవత్సరములు, లేదా ఇన్ని వేల కిలోమీటర్లు. రెంటిలో ఏది ముందు నిండిన అదియే వారంటీ గడువు. గడువులోపల గేర్‌బాక్సు చెడినచో కంపెనీ ఉచితముగా బాగుచేయును. గడువు దాటిన మరునెలలో చెడినచో ఆ వ్యయమంతయు యజమానిదే యని డీలరు చెప్పును. ఆటోమేటిక్ గేర్‌బాక్సు మార్చుటకగు వ్యయము లక్ష రూపాయలు దాటవచ్చును. అప్పుచేసి కారు కొన్న ఉద్యోగికి ఇది అప్పుమీద అప్పు. ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, దాటిన పిదప బోడి మల్లయ్య అను సామెత అతనికి అప్పుడు అనుభవములోనికి వచ్చును.

అయితే గడువుతోనే తయారీదారుని బాధ్యత తీరిపోవునా? గేర్‌బాక్సు చెడిన దినము వేరు, అందులో లోపము పుట్టిన దినము వేరు. ఈ రెండు దినములలో దేనిని లెక్కలోనికి తీసికొనవలెనన్నదే అసలు ప్రశ్న. దీనికి సమాధానము తెలియుటకు ముందు గేర్‌బాక్సు లోపల జరుగు పనిని కొంత తెలిసికొనవలెను.

గేర్లుగల సైకిలు తొక్కిన విద్యార్థికి దీని సూత్రము తెలియును. ఎత్తు ఎక్కునపుడు ఒక గేరు, చదును నేలమీద వేగముగా పోవునపుడు మరొక గేరు కావలెను. కారు ఇంజనుకును అట్లే. ఒక గేరునుండి మరొక గేరునకు మారునపుడు ఇంజనును గేర్‌బాక్సును క్షణకాలము విడదీసి మరల కలుపవలెను. ఆ పని చేయునది క్లచ్చి. మామూలు కారులో దానిని ఎడమకాలు నడుపును.

రెండు క్లచ్చిలుండు గేర్‌బాక్సులో పద్ధతి వేరు. ఒక క్లచ్చి బేసి గేర్లకును, రెండవది సరి గేర్లకును పనిచేయును. కారు రెండవ గేరులో పోవుచుండగనే మూడవ గేరు సిద్ధమై యుండును. ఒక క్లచ్చి పట్టు వదలుచుండగా రెండవది పట్టుకొనును. అందువలన శక్తి ప్రవాహము తెగదు. ఫ్రెంచి ఇంజనీరు అడాల్ఫ్ కెగ్రెస్ 1939లో ఈ ఆలోచన చేసెను. 2003లో ఫోక్స్‌వాగన్ కంపెనీ దీనిని మార్కెట్టులో అమ్ము కార్లలో ప్రవేశపెట్టెను. ఇందులో కాలు చేయు పనిని చిన్న కంప్యూటరు చేయును.

ఈ క్లచ్చిలలో తడివి, పొడివి అని రెండు తెగలు కలవు. తడి క్లచ్చి పలకలు నూనెలో తిరుగును. వేడిని ఆ నూనె లాగికొనును. పొడి క్లచ్చికి ఆ నూనె లేదు. బరువు తక్కువ, ఇంధనము ఆదా; కాని వేడి పోవుటకు గాలియే దిక్కు. రద్దీ వీధిలో అంగుళ మంగుళముగా కదలునపుడు క్లచ్చి పూర్తిగా పట్టక, పూర్తిగా వదలక రాపిడి పొందుచుండును. వేడి పెరుగును.

ఫోర్డ్ కంపెనీ ఫియస్టా, ఫోకస్, ఎకోస్పోర్ట్ కార్లలో అమర్చిన ఆరు గేర్ల 'పవర్‌షిఫ్ట్' ఇట్టి పొడి క్లచ్చి గేర్‌బాక్సే. ఆస్ట్రేలియాలో ఈ గేర్‌బాక్సుగల కార్లు సుమారు 70,000 అమ్ముడుపోయెను. వానిలో ఇంచుమించు సగము కార్లకు ఈ గేర్‌బాక్సు విషయమై ఒక్కసారియైనను మరమ్మతు అవసరమయ్యెను. నిలిచిన కారు కదలునపుడు గజగజ వణకుట, గేరు మారుటకు తడబడుట, నడిరోడ్డుపై శక్తి తగ్గిపోవుట యజమానులు చెప్పిన బాధలు. కారణములు మూడు విధములు. క్లచ్చి పలకలకు వాడిన పదార్థము తగినది కాదు. ఇంజను శక్తిని లోనికి తెచ్చు ఇరుసు చుట్టునున్న సీలునుండి నూనె కారి పొడిగా నుండవలసిన క్లచ్చిపై పడుచుండెను. ఆజ్ఞలిచ్చు కంప్యూటరులో విద్యుత్ సంబంధమైన దోషముండెను. ఈ మూడును కర్మాగారములో పుట్టిన లోపములే.

అయినను ఫిర్యాదు చేయవచ్చిన పలువురికి లభించిన సమాధానము, మీరు నడుపు తీరే సరిగా లేదని! కారణము తమ గేర్‌బాక్సులోనే యున్నదని ఎరిగియు కంపెనీ ఇట్లు చెప్పినదని ఆ దేశపు వినియోగదారుల రక్షణ సంఘము న్యాయస్థానమునకు ఎక్కెను. 2018 ఏప్రిలులో ఫెడరల్ కోర్టు ఈ వ్యవహారమును న్యాయబుద్ధికి విరుద్ధమైన ప్రవర్తనగా నిర్ణయించి ఫోర్డ్ ఆస్ట్రేలియాకు కోటి డాలర్ల జరిమానా విధించెను. 2015 మే మొదలు 2016 ఫిబ్రవరి వరకు ఫిర్యాదు చేసిన సుమారు 10,500 మంది కొనుగోలుదారులకు సంబంధించిన తీర్పు ఇది.

యజమానులందరి పక్షమున వేసిన మరియొక దావాలో 2021లో వచ్చిన తీర్పు మన ప్రశ్నకు మరింత సమీపమైనది. ఆ లోపములున్న కార్లు అంగీకారయోగ్యమైన నాణ్యత గలవి కావని న్యాయమూర్తి నిర్ణయించెను. అమ్మిన దినముననే కారులో చెడిపోవు ప్రమాదము దాగియుండెనా యన్నదే ఇచ్చట పరీక్ష. వణుకు ఎన్నడు బయటపడినదన్నది ప్రధానము కాదు. తగ్గిన విలువను కూడ అమ్మకపు నాటి స్థితినిబట్టియే లెక్కింపవలెనని 2024లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము చెప్పెను. అమెరికాలో అదే ఫోర్డ్ కంపెనీ 2014లో ఈ గేర్‌బాక్సు క్లచ్చికి వారంటీని 7 సంవత్సరములు లేదా 1,00,000 మైళ్లకును, దాని కంప్యూటరునకు 10 సంవత్సరములు లేదా 1,50,000 మైళ్లకును పొడిగించెను. మొదటి గడువు ఆకాశమునుండి ఊడిపడినది కాదనియు, దానిని మార్చుట సాధ్యమేననియు ఇందువలన తెలియుచున్నది.

లోపము ఎంతకాలము నిద్రింపగలదో చూపుటకు ఫోక్స్‌వాగన్ ఉదాహరణము కలదు. ఏడు గేర్ల పొడి క్లచ్చి గేర్‌బాక్సులపై ఫిర్యాదులు రాగా 2013 మార్చిలో ఆ కంపెనీ చైనాలో 3,84,181 కార్లను వెనుకకు పిలిపించెను. అదే సంవత్సరము నవంబరులో ప్రపంచమంతట 16 లక్షల కార్లలో గేర్‌బాక్సు నూనె మార్చనున్నట్లు ప్రకటించెను. వేడియు తేమయు గల వాతావరణములో, మాటిమాటికి ఆగుచు సాగు ప్రయాణములలో, అందు పోసిన కృత్రిమ నూనె విద్యుత్ సరఫరాకు అంతరాయము కలిగింపవచ్చునని కంపెనీయే చెప్పినది. వేడి, తేమ, రద్దీ మూడును గల తీరాంధ్ర నగరవాసికి ఈ మాట వేరుగా వివరింపనక్కరలేదు. చల్లని దేశములో ఏండ్ల తరబడి పైకి కనబడని దోషము ఇచ్చట త్వరగా మేలుకొనవచ్చును. కారు నడుపువాడు ఎంత నేర్పరియైనను నూనెలోని దోషమును చూడజాలడు.

తయారీదారుని పక్షమునను న్యాయమైన మాట ఒకటి కలదు. ఏ యంత్రమును చిరంజీవి కాదు. చెప్పు అరిగినట్లు క్లచ్చి పలకయు అరుగును. అరుగుదలకును, అజాగ్రత్తకును కంపెనీ ఎల్లకాలము పూచీపడజాలదు. గడువు ఉన్నది అందులకే. కనుక అరుగుదల ఏది, లోపము ఏది యని వేరుచేయుటలోనే వివాదమంతయు నిలిచియున్నది. ఒకే నమూనా కార్లు అనేకము ఒకే విధముగా చెడుట, ఆ భాగము ఉండవలసిన ఆయుర్దాయములో స్వల్పభాగమునకే చెడుట, గడువులోపలనే మొదటి సూచన కనబడుట లోపమును సూచించు గుర్తులు.

మన దేశములో చట్టము ఈ భేదమును గుర్తించినది. కొనువాడు తెలిపిన ప్రయోజనమునకు సరకు తగియుండవలెనన్న నియమమును 1930 నాటి సరకుల విక్రయ చట్టము కొన్ని సందర్భములలో అమ్మువానిపై ఉంచినది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టమునకు బదులుగా వచ్చి 2020 జూలై 20 నుండి అమలైన 2019 చట్టము, స్పష్టముగా వ్రాసిన ఒప్పందము ననుసరించియే గాక, వ్రాయకయే ఏర్పడు ఒప్పందము ననుసరించియు ఉండవలసిన నాణ్యత లేకపోవుటను లోపముగా నిర్వచించినది. వారంటీ పత్రము వ్రాసిన ఒప్పందము మాత్రమే. అది ముగిసినంత మాత్రమున రెండవది ముగిసినట్లు కాదు.

అయితే ఇది సులభమైన త్రోవ యని భ్రమపడరాదు. లోపమును రుజువు చేయవలసిన భారము సాధారణముగా ఫిర్యాదుదారునిదే. నిపుణుని అభిప్రాయము కావలసియుండును. వ్యాజ్యకారణము పుట్టిన రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను. క్లచ్చి లోపముగల ఒక మారుతి కారు విషయమున 2006లో సుప్రీంకోర్టు, వారంటీ చెడిన భాగమును మార్చుటకే గాని కారునంతటిని మార్చుటకు కాదని తీర్పు చెప్పెను. కనుక కోర్కె కూడ హద్దులో నుండవలెను. అనుకూలమైన అంశములును కలవు. తాను నివసించు జిల్లా కమిషనులోనే, న్యాయవాది లేకయే, ఫిర్యాదు చేయవచ్చును. కారునకు చెల్లించిన వెల 5 లక్షలకు మించి 10 లక్షలలోపల నున్నచో రుసుము 200 రూపాయలు మాత్రమే. 1915 అను జాతీయ సహాయ టెలిఫోను ద్వారా ముందుగా రాజీకి ప్రయత్నింపవచ్చును.

వీనియన్నిటికిని ఆధారము కాగితము. కారు మొదటిసారి వణికిననాడే సర్వీసు కేంద్రమునకు పోయి ఆ మాటను జాబుకార్డులో వ్రాయించి ప్రతి తీసికొనవలెను. 'ఇది మామూలే' యని వారు నోటితో చెప్పినచో ఆ సమాధానమును కూడ వ్రాతలో కోరవలెను. కాలమునకు సర్వీసు చేయించి రసీదులు భద్రపరుపవలెను. లేనిచో అజాగ్రత్త యను నింద తప్పదు. గడువు తీరుటకు ఒక నెల ముందే కారును సమగ్రముగా పరీక్షింపజేయుట మేలు. అదనపు రుసుముతో పొడిగించు వారంటీ కొనువారు, క్లచ్చి అందులో చేరినదో లేదో మొదట చదువవలెను. గడువు దాటిన పిదప గేర్‌బాక్సు విఱిగినను తొందరపడి డబ్బు చెల్లింపక, వ్యయములో కొంత భరింపుమని కంపెనీకి లేఖ వ్రాయవలెను. గేర్‌బాక్సు విప్పకముందే మరియొక నిపుణుని అభిప్రాయము తీసికొని, తీసివేసిన పాత భాగములను అడిగి తెచ్చుకొనవలెను. చెత్తలో కలిసిన సాక్ష్యము మరల దొరకదు.

పాఠశాలలో అర్జీ వ్రాయుట, రసీదు చదువుట నేర్పునపుడు పిల్లలకు అవి పరీక్ష మార్కుల కొరకే యనిపించును. రేపు వారిలో ఒకడు చెడిన కారు ప్రక్కన నిలిచి, తప్పు నీదేయను మాట వినవలసి వచ్చినచో, అతనికి అక్కరకు వచ్చునది ఆనాడు నేర్చిన ఆ నాలుగు పంక్తుల అర్జీయే.