క్షీరనీర వివేకము నేర్చిన యంత్రము

హంస పాలను నీటినుండి వేరుచేయునని మన పెద్దలు చెప్పుదురు. మానవ మస్తిష్కమున పుట్టు అయస్కాంత క్షేత్రమును కొలుచు మాగ్నెటో ఎన్‌సెఫలోగ్రఫీ యంత్రము, సంక్షిప్తముగా ఎమ్.ఇ.జి., పుట్టినది మొదలు ఈ విద్యనే అభ్యసించుచు వచ్చినది. వేలకొలది నాడీకణములు ఏకకాలమున ఉత్తేజితములైనపుడు, వానిలో ప్రవహించు విద్యుత్తు చుట్టును అయస్కాంత క్షేత్రము జనించును. కపాలాస్థి విద్యుత్తును చెదరగొట్టునుగాని ఈ క్షేత్రమును దాదాపు నిరాటంకముగా వెలుపలికి రానిచ్చును. అయితే దాని బలము భూమి అయస్కాంత క్షేత్రములో సుమారు నూరుకోట్లవ వంతు మాత్రమే. వీధిలో పోవు బండియు, గోడలోని విద్యుత్తీగయు దానిని ముంచివేయగలవు.

ఇంతటి సూక్ష్మమును పట్టదలచిన డేవిడ్ కోహెన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు, 1968లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున, బయటి క్షేత్రములు చొరకుండ కట్టిన గదిలో, పదిలక్షల చుట్లు గల రాగితీగచుట్టను మనిషి తలచెంత నిలిపి, కన్నులు మూసినపుడు ప్రబలి తెరవగనే అణగిపోవు ఆల్ఫా అను మెదడు లయను, అనేక తరంగములను సగటుకట్టి, ఎట్టకేలకు గుర్తించెను. అంతలో మరియొక ధార వచ్చి కలిసెను. 1962లో కేంబ్రిడ్జి విద్యార్థి బ్రయన్ జోసెఫ్‌సన్ ఊహించిన అతివాహక ధర్మము ఆధారముగా, 1964లో ఫోర్డు సంస్థవారి పరిశోధనాలయమున ‘స్క్విడ్’ అను అత్యంత సున్నితమైన అయస్కాంతమాపకము వెలసెను. 1969 డిసెంబరులో జేమ్స్ జిమ్మర్‌మన్ తాను నిర్మించిన స్క్విడ్‌ను ఎమ్.ఐ.టి.లో కోహెన్ కట్టించిన కొత్తగదికి తెచ్చి, తన గుండెనే మొదటి పరీక్షకు ఒప్పగించెను. 1972 నాటికి, సగటుకట్టు శ్రమ లేకయే, మెదడు లయ కాగితముపై సూటిగా కనబడజొచ్చెను.

ఒక్క మాపకముతో తలయందొక్క చోటనే కొలువగలము. మస్తిష్క భాగముల పరస్పర సంబంధమును ఎరుగవలెనన్న తలనంతటిని ఒక్కమారే చూడవలెను. 1992లో ఫిన్లాండు దేశపు హెల్సింకీలో 122 మాపకములు గల శిరస్త్రాణము సిద్ధమయ్యెను. తరువాతి యంత్రములలో వాని సంఖ్య 306కు పెరిగెను. సున్నకు దిగువ 269 డిగ్రీల శీతల ద్రవ హీలియమున మునిగి, అవి మిల్లీసెకండుకొక మారు కొలతలు తీయగలవు.

అప్పుడు హంసకు కఠినతర పరీక్ష ఎదురయ్యెను. గుడిగంట మ్రోగిన రెండు వీధులవారికిని వినబడును. అంతమాత్రమున ఆ వీధులవారు మాటలాడుకొనుచున్నారనరాదు. అట్లే ఒక్క నాడీకేంద్రపు క్షేత్రము పెక్కు మాపకములకు ఏకకాలమున సోకి, లేని సంబంధమును ఉన్నట్లు భ్రమింపజేయును. నిజమైన సంభాషణలో పలుకునకును బదులునకును నడుమ కొంత వ్యవధి ఉండునుగదా యని తలచి, గుయిడో నోల్టే ప్రభృతులు 2004లో, వ్యవధిలేని సామ్యమును విడిచి వ్యవధిగల దానినే గ్రహించు గణితమార్గమును చూపిరి. నిజముగా ఒక్కసారే స్పందించు కేంద్రముల బంధమును సైతము ఈ మార్గము వదలుకొనును. నీటితో కొన్ని పాలచుక్కలును పోవునన్నమాట. అయినను ఇట్టి శోధనల ఫలము గొప్పది. 2011లో నాటింగ్‌హామ్‌నుండి మాథ్యూ బ్రూక్స్ బృందము, మనిషి ఊరక విశ్రమించియున్నపుడు కుడియెడమ చలనకేంద్రములయందలి లయల ఉధృతి కలసి హెచ్చుచు తగ్గుచుండుటను చూపెను. అంతకుముందు ప్రధానముగా రక్తప్రసరణ చిత్రములలో కనబడిన జాలములకు నాడీవిద్యుత్తే మూలమని ఇట్లు దృఢపడెను.

2018లో నాటింగ్‌హామ్, లండను శాస్త్రజ్ఞులు హీలియముతో పనిలేని, రుబీడియం ఆవిరితో కొలుచు మాపకములను తలకు తొడిగిరి. మనిషి తల ఊపవచ్చును, టీ త్రాగవచ్చును, బంతి ఆడవచ్చును. అయినను కొలత ఆగదు. కాని ఆ గది తలుపు మాత్రము నేటికిని మూయవలసినదే. వినదగనిదానిని వెలుపల నిలిపినగాని వినదగినది లోపల వినబడదు. కోహెన్ నాడు ఇల్లినాయిలో నేర్చిన తొలిపాఠమిదియే.