ముప్పై, ఇరవై కలిస్తే నలభై!

ముప్పై, ఇరవై కలిపితే యాభై కదా? మావారి కాగితంలో మాత్రం నలభై అని ఉంది!

మాది ఝరాసంగం. మావారు మిలటరీలో హవల్దారుగా చేసి 2019లో రిటైరయ్యారు. వస్తూ వస్తూ బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పులు వెంట తెచ్చుకున్నారు. కేతకీ సంగమేశ్వరుడి గుడికెళితే అమృతగుండం మెట్లు దిగలేక పైనే నిలబడిపోతారు. రిటైరయ్యే ముందు మెడికల్ బోర్డు బీపీకి 30 శాతం, షుగర్‌కి 20, మోకాళ్లకి 20 వేసి, మొత్తం 40 అని రాసింది. ఆయన చదవకుండానే సంతకం పెట్టేశారు. "పెద్ద డాక్టర్లు రాసింది తప్పుంటదా?" అంటారు.

నాకు మనసొప్పక మొన్నామధ్య సైనిక సంక్షేమ కార్యాలయానికి తీసుకెళ్లాను. అక్కడొకాయన ఓపిగ్గా చెప్పారు. మిలటరీ డాక్టర్లకు ఒక మార్గదర్శిని ఉందట. రెండు జబ్బులు పెట్టే ఇబ్బంది వేరువేరైతే శాతాలు పూర్తిగా కూడాలి. ఒకే ఇబ్బంది అయితే ఆ మేరకు తగ్గించాలి. బీపీ, షుగర్ రెండూ గుండెనీ, కిడ్నీలనీ పీడించేవే కనుక 50 కాస్తా 40 అయింది. ఇబ్బందులు వేరువేరైనా కొన్ని బోర్డులు కోసేస్తున్నాయనీ, అది సరికాదనీ అందులోనే ఉందట!

మరి మోకాళ్లు? "సర్వీసు వల్ల రాలేదు" అని ఒక్క ముక్క రాసి లెక్కలోంచి తీసేశారు. కారణం లేదు. అసలు నష్టం ఇక్కడే. పెన్షన్‌కి 20 నుంచి 50 లోపుంటే 50గా, 50 నుంచి 75 వరకుంటే 75గా లెక్కిస్తారు. సర్వీసు పూర్తిచేసి రిటైరైన వాళ్లకీ ఇది వర్తిస్తుందని 2014లో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మోకాళ్ల 20 కలిస్తే మావారిది 60. అంటే 75 కింద వస్తుంది. చేరేటప్పుడు లేని జబ్బు తర్వాత వస్తే, సర్వీసు వల్ల కాదనడానికి బోర్డు కారణం చూపాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో తీర్పు కూడా ఉంది.

ఆలస్యానికి కారణం రాసి, పోయిన నెలే అప్పీలు పంపాం. కాదంటే సాయుధ బలగాల ట్రిబ్యునల్ ఉంది.

మీ ఇంట్లోనూ మాజీ సైనికులుంటే బీరువాలోని ఆ కాగితం ఇవాళే తీయండి. ప్రతి జబ్బూ ఉందా, సర్వీసు వల్లనేనని రాశారా, మొత్తం ఎంత వేశారు? మూడూ చూడండి. 2023 సెప్టెంబరు 21 నుంచి రిటైరైన వారికి నిబంధనలు మారాయి, అవి వేరుగా అడగండి. మావారు ఇప్పుడు ఏ కాగితమైనా ముందు నా చేతికిస్తున్నారు. సంతకం ఆ తర్వాతే!